8.5 అంగుళాల బొమ్మకి నాలుగడుగుల గోడ

మా సోఫా పైన గోడకి రెండు మేకులున్నాయి, వాటికేమీ తగిలించి లేదు. ఇంటికొచ్చినవాళ్ళు ప్రతి ఒక్కరూ అడుగుతారు, ఇక్కడేదో పెద్ద బొమ్మ ఉండేది కదండీ తీసేశారా అని. తీసేశానండి. నాలుగేళ్ళ కిందట ఇక్కడ కెనడాలో, టొరంటో పక్కన మిస్సిసాగాలో ఇల్లు కొన్న కొత్తలో, గోడలన్నీ ఆస్పత్రిలా తెల్లగా ఉన్నాయని మా ఆవిడ పోరు పెడుతుంటే ఒక రాత్రి ఆన్‌లైన్‌లో కూర్చుని 219 డాలర్లు పెట్టి ఒక కాన్వాస్ ప్రింట్ ఆర్డర్ చేశా. టామ్ థామ్సన్ అని ఇక్కడి పెయింటర్, ఆయన ఆకులు రంగు మారే కాలంలో వేసిన అడవి స్కెచ్ ఒకటి, దాన్ని అడ్డంగా నాలుగడుగులకి సాగదీశారన్నమాట. (బొమ్మ పేరు చెప్పను, చెబితే అమ్మిందెవరో మీరు పట్టేస్తారు.) వెనకాల స్టిక్కర్ మీద 'ఆర్కైవల్, మ్యూజియం క్వాలిటీ, 147/950' అని ఉంది (అంటే ఏళ్ళ తరబడి చెడకుండా నిలుస్తుందనీ, 950 కాపీల్లో ఇది 147వదనీ), దాంతోపాటు బంగారు రంగు అంచుతో ఒక సర్టిఫికెట్ కూడా వచ్చింది, నా బీటెక్ డిగ్రీకి కూడా అంత మంచి కాగితం ఇవ్వలేదు. ఇప్పుడు ఆ బొమ్మ బేస్‌మెంట్‌లో వాటర్ హీటర్ పక్కన, తప్పు చేసిన పిల్లాడిలా గోడకి మొహం పెట్టుకుని నిలబడి ఉంది.

నకళ్ళు కొనకండి అని చెప్పడానికి ఇదంతా రాయట్లేదు. కొనమనే చెప్తా, నేనూ ఇంకా కొంటున్నా. కానీ ఈ ఆర్ట్ ప్రింట్ల మార్కెట్‌లో మనం పెట్టే డబ్బులో సగం పైగా ఆ నకలు చేత అసలు వేషం వేయించడానికే పోతోంది, నా గొడవంతా దాని మీదే.

థామ్సన్ గురించి తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. టొరంటోలో గ్రిప్ అనే కంపెనీలో డిజైనర్‌గా పని చేసేవాడు, అంటే ప్రకటనలకీ కేటలాగులకీ అక్షరాలూ బొమ్మలూ గీసే ఉద్యోగం. 1912లో మొదటిసారి ఆల్గాంక్విన్ పార్క్ అడవుల్లోకి వెళ్ళాడు, తర్వాత ఏటా వెళ్ళడమే, పడవేసుకుని చెరువుల వెంట తిరగడమే. 1917 జూలైలో అక్కడే కెనూ లేక్‌లో శవమై తేలాడు, అప్పటికి ముప్పై తొమ్మిదేళ్ళు. ఐదేళ్ళలో చిన్నచిన్న స్కెచ్‌లే నాలుగొందల దాకా వేశాడంటారు. ఆయన పోయాక 1920లో ఆయన స్నేహితులు లారెన్ హ్యారిస్, జె.ఇ.హెచ్. మెక్‌డొనాల్డ్, ఎ.వై. జాక్సన్ వాళ్ళంతా కలిసి గ్రూప్ ఆఫ్ సెవెన్ అని పేరు పెట్టుకున్నారు, కెనడాలో మోడర్నిస్ట్ లాండ్‌స్కేప్ అంటే జనానికి గుర్తొచ్చేది వీళ్ళే. ఇక్కడ పిల్లలకి స్కూల్లో చెప్తారు, డెంటిస్ట్ దగ్గరకెళ్తే వెయిటింగ్ రూమ్‌లో వీళ్ళ బొమ్మే ఉంటుంది.

నేను ప్రింట్ కొన్న ఏడాదికి, అదీ చుట్టాలొస్తే ఎక్కడికో ఒకచోటికి తీసుకెళ్ళాలి కాబట్టి, క్లైన్‌బర్గ్‌లో ఉన్న మెక్‌మైకల్ మ్యూజియంకి వెళ్ళాం. చెట్ల మధ్య కట్టిన మ్యూజియం అది, థామ్సన్ ఉండి బొమ్మలేసుకున్న రేకుల షెడ్డు లాంటి గుడిసెని కూడా టొరంటో నుంచి తెచ్చి ఆ ఆవరణలోనే పెట్టారు. లోపల థామ్సన్ స్కెచ్‌ల ముందు నిలబడి మా అమ్మాయి అన్న మాట, "నాన్నా ఇంతేనా? మన ఇంట్లోది ఇంకా పెద్దది." నిజమే మరి. ఆయన స్కెచ్‌లు ఎక్కువ భాగం నిలువు 8.5 అంగుళాలు, అడ్డం 10.5 అంగుళాలు ఉంటాయి. ఒక మామూలు కాగితం అంత. ఆ సైజుకి కారణం ఉంది, ఒక చెక్క పెట్టె ఒళ్ళో పెట్టుకుని, దాని మూతలో చెక్క పలక నిలబెట్టి, బండ మీదో పడవలోనో కూర్చుని, వెలుతురు మారేలోపు బొమ్మ అయిపోవాలి, పచ్చి రంగు చెరిగిపోకుండా ఆ పెట్టెలోనే పెట్టి మోసుకురావాలి. అంటే ఆ సైజే ఆ బొమ్మ వేసిన పద్ధతి. మీరు దాని ముందు నిలబడితే వంగి చూడాల్సిందే, వంగితేనే ఆ అడవి తెరుచుకుంటుంది.

మరి మా ఇంట్లో ఏమైంది? పదిన్నర అంగుళాల బొమ్మని నలభై ఎనిమిది అంగుళాలు చేశారు, అంటే నాలుగున్నర రెట్లు, వైశాల్యం లెక్కన ఇరవై రెట్లు. పావు అంగుళం వెడల్పు కుంచె గీత నాలుగున్నర రెట్లు అయితే అంగుళం దాటుతుంది. ఆయన మణికట్టు ఒక్కసారి విదిలిస్తే పడిన గీత మా గోడ మీద సున్నం బ్రష్‌తో పూసినట్టు కనపడుతుంది. మ్యూజియం నుంచి వచ్చాక అది తెలిసిపోయింది, అంతకు ముందు తెలియలేదు, అంతకు ముందు హాయిగానే ఉన్నా.

ఇంకో సంగతి ఆ రోజే చూశా, దానితో నాకు మతి పోయింది. థామ్సన్ పలక అంతా రంగుతో నింపేయడు. గీతకీ గీతకీ మధ్య సందుల్లో ఉత్త చెక్క వదిలేస్తాడు, ఆ చెక్క గోధుమ రంగే అక్కడక్కడ నేలగానో కొమ్మగానో పని చేస్తుంది, నిదానంగా చూస్తే చెక్క నార కూడా కనిపిస్తుంది. ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా మా ప్రింట్ దగ్గరికెళ్ళి ముక్కు ఆనించి చూశా. ఆ సందుల్లో చెక్క నార ఫోటో ఉంది, దాని మీద కాన్వాస్ గుడ్డ నేత అడ్డంగా నిలువుగా గళ్ళుగళ్ళుగా ఉంది, ఆ పైన 'కుంచె గీతల అనుభూతి' కోసం పూసిన పారదర్శకమైన జిగురు, అది అచ్చులో ఉన్న గీతలు ఎటు పోతుంటే దాని ఎదురు దిక్కుకి పోతోంది. చెక్క మీద వేసిన బొమ్మ, దానికి గుడ్డ, దానిపైన ఎవడో కూర్చుని గీసిన జిగురు. ఈ మూడో పని చేసిన మనిషి అసలు బొమ్మ వైపు చూశాడా అని అనుమానం. దానికే కదా నేను ఎక్స్‌ట్రా నలభై డాలర్లు కట్టింది, 'హ్యాండ్ ఎంబెలిష్డ్' ఆప్షన్ టిక్ పెట్టి.

ఇక ఈ ప్రింట్లు అమ్మేవాళ్ళు వాడే మాటల సంగతి. ఆర్కైవల్ అన్నమాట మీద ఎవరికీ పేటెంట్ లేదు, ప్రింట్ మీద ఆ మాట అచ్చేయడానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. జిక్లే అనేది ఇంక్‌జెట్ ప్రింట్‌కి 1991లో జాక్ డుగానే అనే ప్రింటర్ కల్పించిన పేరు, ఫ్రెంచిలో చిమ్మడం అనే అర్థం ఉన్న మాట నుంచి తీశాడు, ఎందుకంటే ఇంక్‌జెట్ ప్రింట్ అంటే గ్యాలరీలో ఎవరూ కొనరు కాబట్టి. మంచి ఇంక్‌జెట్ మంచి వస్తువే, దానికి ఫ్రెంచి పేరు పెట్టి పిలవాల్సిన పని లేదు. పైగా ఆ తొలిరోజుల ప్రింట్లు చాలావాటిలో వాడింది డై ఇంక్, అవి కొన్నేళ్ళకే వెలిసిపోయి గొడవలయ్యాయి, తర్వాతే పిగ్మెంట్ ఇంకులు వచ్చాయి. కాబట్టి మీరు అమ్మేవాళ్ళని అడగాల్సింది ఆర్కైవలా కాదా అని కాదు, ఇంక్ పిగ్మెంటా డైయా, కాగితం ఏ కంపెనీది ఏ రకం, నూటికి నూరు కాటనా, అందులో తెల్లదనం కోసం బ్రైటెనర్ కలిపారా. వీటికి సూటిగా జవాబు రాకపోతే వదిలేయండి. నేను ముగ్గురికి మెయిల్ పెడితే ఒకరే కాగితం పేరుతో సహా జవాబిచ్చారు, ఇంకొకరు 'ప్రీమియం' అన్నారు, మూడోవాళ్ళు డిస్కౌంట్ కూపన్ పంపారు.

బ్రైటెనర్ ఉందో లేదో ఇంట్లోనే చూడొచ్చు. దొంగనోట్లు చూసే చిన్న యూవీ టార్చ్ ఉంటుంది కదా, దాన్ని చీకట్లో కాగితం మీద వేస్తే, బ్రైటెనర్ ఉన్న కాగితం సర్ఫ్‌లో ఉతికిన చొక్కాలా నీలంగా మెరుస్తుంది, లేనిది మామూలుగా ఉంటుంది. ఆ మెరుపు ఏళ్ళ తరబడి నిలవదు, అది పోయాక కాగితం పసుపు తిరిగినట్టు కనపడుతుంది, దాంతో బొమ్మలో మంచు, మేఘాలు అన్నీ మురికిబడతాయి. మంచు బొమ్మలే ఎక్కువ ఉన్న కెనడా పెయింటర్లకి ఇది చిన్న విషయం కాదు.

నంబర్ల గురించి అసలు చెప్పనక్కర్లేదు గానీ చెప్తా. రాగి రేకు మీద చెక్కి అచ్చేసే ఎచింగ్ లాంటి వాటిలో, అచ్చు కొట్టేకొద్దీ రేకు అరుగుతుంది, ఆర్టిస్ట్ బతికుండి తనే ఇన్ని చాలు అని నంబరేసి సంతకం పెడతాడు, అక్కడ ఆ నంబరుకి ఒక అర్థం ఉంది. నా 147/950కి ఏం అర్థం ఉంది? ఫైల్ అరగదు. టామ్ థామ్సన్ వచ్చి సంతకం పెట్టడు. అదీ కాక ఆ 950 ఆ ఒక్క సైజుకే, దాని కింద సైజుకి వేరే 950, దాని పైదానికి ఇంకో 950, కాగితం మీద వేరే లెక్క. ఆయన పోయి వందేళ్ళు దాటింది, ఆ బొమ్మల మీద కాపీరైట్ ఎప్పుడో అయిపోయింది, ఊళ్ళో చెరువు నీళ్ళలాంటివి అవి. చెరువు నీళ్ళకి నంబరేసి బిందె 219 డాలర్లకి అమ్మితే కొన్నాను, అందుకు నన్ను నేనే తిట్టుకోవాలి.

ఇది చెప్తే మా ఫ్రెండ్ ఒకడు తేల్చేశాడు, "మామా అందుకే చెప్తున్నా, కొంటే ఒరిజినల్ కొనాలి, లేదంటే ఐకియాలో ఏదో ఒకటి తెచ్చి తగిలించాలి, మధ్యలో ఈ గోల ఎందుకు" అని. ఒరిజినలా? 2016లో హ్యారిస్ వేసిన 'మౌంటెన్ ఫార్మ్స్' వేలంలో కోటీ పన్నెండు లక్షల డాలర్లకి పోయింది. థామ్సన్ కాగితమంత స్కెచ్‌లు కూడా మిలియన్లలో ఉన్నాయి. ఇంకా లోకల్ ఆర్టిస్ట్ దగ్గర కొను అనే వాదన ఉంది, అది నేనూ ఒప్పుకుంటా, కొన్నా కూడా, కానీ అది వేరే కోరిక. ఆకలేసినప్పుడు ఇడ్లీ అడిగితే దోసె ఇంకా మంచిది అంటే ఏం చెప్తాం.

అయినా నకలంటే ఈ చిన్నచూపు ఎక్కడిది? ఈ పెయింటర్లే అచ్చు పని నుంచి వచ్చినవాళ్ళు. థామ్సన్‌తో పాటు గ్రూప్ ఆఫ్ సెవెన్‌లోని మెక్‌డొనాల్డ్, లిస్మర్, వార్లీ, కార్మైకల్, జాన్‌స్టన్ వీళ్ళందరూ ఆ గ్రిప్ కంపెనీలో ఏదో ఒకప్పుడు పనిచేసినవాళ్ళే. రెండో ప్రపంచ యుద్ధం టైంలో, 1942లో, జాక్సన్ ముందుపడి నేషనల్ గ్యాలరీని కదిలించి, టొరంటోలో శాంప్సన్-మాథ్యూస్ అనే ప్రింటింగ్ కంపెనీ చేత ఈ లాండ్‌స్కేప్‌లని సిల్క్‌స్క్రీన్ మీద అచ్చేయించాడు. ఎక్కడో సముద్రం అవతల బారక్స్‌లో పడుకునే సైనికులకి సొంత దేశం చెట్టూ చెరువూ గోడ మీద కనపడాలని. యుద్ధం అయిపోయాక కూడా స్కూళ్ళకీ బ్యాంకులకీ ఎంబసీలకీ వెళ్ళాయి, 1963 దాకా నడిచింది. అవి ఫోటో తీసి అచ్చేసినవి కావు. ఒక్కో రంగుకి ఒక్కో స్టెన్సిల్, చేత్తో కోసి, చిక్కటి నూనె రంగు ఒకదాని మీద ఒకటి లాగి వేసినవి. కుంచె గీత ఉన్న చోట అవి గీతని నటించవు, దాన్ని ఒక చదును రంగు ముక్కగా మార్చేస్తాయి. నేను నకలులో కోరుకునేది అదే. నేను ఫలానా బొమ్మకి అచ్చుని అని దాని మొహం మీదే రాసి ఉంటుంది. ఇప్పటికీ పాతసామాన్ల షాపుల్లో, వేలాల్లో అవి దొరుకుతుంటాయి, గోడకి ఎండలో ఉన్నవైతే వెలిసి ఉంటాయి, చూసి కొనుక్కోవాలి.

మనకి మాత్రం కొత్తా ఇది? మన తాతల ఇళ్ళల్లో రవివర్మ లక్ష్మీ సరస్వతులు అచ్చుబొమ్మలు కాక మరేంటి. మా నాన్న యువ మాసపత్రికలో వచ్చిన వడ్డాది పాపయ్య గారి బొమ్మ ఒకటి బ్లేడుతో జాగ్రత్తగా కోసి తణుకులో పటం కట్టించాడు. ఆయన్ని ఎవరూ అడగలేదు ఇది ఎన్నో నంబరు అని. ఆ పటం విషయంలో ఒకటే పొరపాటు జరిగింది, అది ఆ రోజుల్లో అందరి పటాలకీ జరిగేదే. వెనకాల మామూలు గోధుమ రంగు అట్ట పెట్టి, చిన్న మేకులు కొట్టి, అంచుల్లో కాగితం అంటించాడు పటాలాయన, ముందు అద్దం బొమ్మని తాకుతూనే ఉంది. పదేళ్ళకి అట్టలో ఉన్న ఆమ్లం కాగితంలోకి దిగి అంచులన్నీ టీ ఒలికినట్టు అయ్యాయి, వానాకాలం చెమ్మకి బొమ్మ అద్దానికి అతుక్కుని, విప్పబోతే వపా గారి అమ్మాయి భుజం అద్దంతో పాటు వచ్చేసింది.

ఇది ఎందుకు చెప్తున్నానంటే అదే తప్పు నేను ఇక్కడ మళ్ళీ చేశా, డాలర్లలో. రెండోసారి తెలివి తెచ్చుకుని మంచి కాటన్ కాగితం మీద పిగ్మెంట్ ప్రింట్ తీసుకుని, దాన్ని తీసుకెళ్ళి ఒక మాల్‌లో ఉన్న ఫ్రేమ్ షాపులో ఇచ్చా, తక్కువలో అవుతుందని. రెండేళ్ళు కాకుండానే బొమ్మ చుట్టూ పెట్టే మౌంట్ అట్టని మధ్యలో కోసిన అంచు, ఆ ఏటవాలు తెల్ల గీత, బిస్కెట్ రంగుకి తిరిగింది. విప్పి చూస్తే ప్రింట్‌ని వేడి పెట్టి అట్టకి అంటించేశారు, ఇక ఊడదు. నూరేళ్ళ కాగితానికి రెండేళ్ళ అట్ట. ఇప్పుడు నేను చెప్పే లెక్క ఏంటంటే ప్రింట్‌కి అరవై పెడితే పటానికి నూట ఎనభై పెట్టండి, తిరగేసి పెట్టొద్దు. మౌంట్ బోర్డు కాటన్‌ది అడగండి, వెనక అట్ట ఆమ్లం లేనిది, ప్రింట్‌ని అంటించకుండా పైన రెండు చోట్ల పల్చని జపాన్ కాగితం ముక్కలతో, గోధుమ గంజి జిగురుతో వేలాడదీయమనండి, రేపెప్పుడైనా తడి చేస్తే ఊడి వస్తుంది. అద్దానికీ ప్రింట్‌కీ మధ్య సందు ఉండాలి. యూవీ అద్దం మంచిదే కానీ అది పెట్టాం కదా అని కిటికీ ఎదురుగా తగిలించొద్దు, మామూలు వెలుతురు కూడా రంగుని తింటుంది, కాకపోతే నిదానంగా.

సైజుకి నా రూలు ఒక్కటే, అసలు ఎంతుంటే నకలూ అంతే, చుట్టూ రెండు మూడు అంగుళాల తెల్ల కాగితం వదిలి. ఇందులో ఇంకో లాభం ఉంది. 8.5 ఇంటూ 10.5 అంగుళాలని 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) అచ్చేయడానికి 2550 ఇంటూ 3150 పిక్సెల్స్ చాలు, అంటే ఎనిమిది మెగాపిక్సెల్స్, అలాంటి ఫైల్ దొరకడం కష్టం కాదు. థామ్సన్ బొమ్మలన్నిటి కేటలాగు ఆన్‌లైన్‌లోనే ఉంది, సైజులు సెంటీమీటర్లలో ఇచ్చారు, చూసుకుని ఆర్డర్ పెట్టుకోవచ్చు. అదే 'ద జాక్ పైన్' అయితే అది స్కెచ్ కాదు, చలికాలంలో స్టూడియోలో వేసిన కాన్వాస్, 127.9 ఇంటూ 139.8 సెంటీమీటర్లు, ఆటవాలో నేషనల్ గ్యాలరీలో ఉంది. మనిషి నిలబడితే ఛాతీ నిండా వచ్చే బొమ్మ. దాన్ని 150 డీపీఐలో అసలు సైజుకి వేయాలన్నా అరవై మెగాపిక్సెల్స్ పైన కావాలి, అయినా కొమ్మల చుట్టూ అడుగు రంగు ఎరుపు ఎక్కడెక్కడ తొంగిచూస్తుందో అది ఇంక్‌లో వచ్చేసరికి చచ్చిపోతుంది. దాన్ని చిన్నది చేసి కొనుక్కోవచ్చు కదా అంటారు. కొనుక్కోండి, పోస్ట్‌కార్డ్ సైజులో, ఫ్రిజ్ మీద పెట్టుకోవడానికి. హాల్లోకి మాత్రం వద్దు, చూడాలనిపిస్తే ఐదు గంటలు డ్రైవ్ చేసి ఆటవా వెళ్ళి చూడటమే, మేం రెండుసార్లు వెళ్ళాం.

రూలు పెట్టా గానీ మినహాయింపు నేనే ఇస్తా, హ్యారిస్‌కి. 1920ల మధ్య నుంచి ఆయన రంగు నున్నగా పూస్తాడు, కుంచె జాడ పెద్దగా తెలియదు, కొండలు మంచుగడ్డల్లా, మేఘాలు చెక్కినట్టు. అచ్చులో పోయేది తక్కువ. ఆయన 1970లో పోయాడు, అప్పటి కెనడా చట్టం ప్రకారం యాభై ఏళ్ళకి కాపీరైట్ అయిపోయింది. అదే జాక్సన్ 1974లో పోయాడు, యాభై ఏళ్ళ లెక్కన 2025లో ఫ్రీ అవ్వాల్సింది, 2022 చివర్లో దాన్ని డెబ్భై చేశారు, ఇక 2045 దాకా ఆగాలి. సైనికుల గోడల కోసం బొమ్మలు అచ్చేయించిన మనిషి బొమ్మలకే మనం లైసెన్స్ ఉన్న ప్రింట్ వెతుక్కోవాలి.

అసలు వేషం వేసిన నకలు ఎంత దూరం పోతుందో కూడా ఇక్కడే చూశాం. 2015లో వాంకూవర్ ఆర్ట్ గ్యాలరీకి మెక్‌డొనాల్డ్ స్కెచ్‌లని పది బొమ్మలు వచ్చాయి, ఆయన ఇంటి పెరట్లో ఏళ్ళ తరబడి పాతిపెట్టి ఉన్నాయని కథ. అనుమానాలొచ్చి ల్యాబ్‌కి పంపితే వాటిలో కొన్ని రంగులు ఆ కాలానికి లేనే లేవని తేలింది. 2023లో ఆ గ్యాలరీవాళ్ళే ఆ కథంతా ఎగ్జిబిషన్‌గా పెట్టి జనానికి చూపించారు, నాకు నచ్చింది ఆ పని. నా 147/950 అంత పెద్ద నేరం కాదనుకోండి, అదే ఊరికి వెళ్ళే చిన్న బండి.

ఇప్పుడు మా ఇంట్లో మెట్ల పక్కన, కళ్ళకి సమానంగా, ఒక థామ్సన్ ఉంది. అచ్చంగా 8.5 ఇంటూ 10.5. మెట్లెక్కుతూ అందరూ ఒక మెట్టు మీద ఆగి వంగి చూస్తారు, మొన్న ప్లంబర్ కూడా ఆగాడు.

ఇక ఆ రెండు మేకుల కోసం హ్యారిస్‌ది 'నార్త్ షోర్, లేక్ సుపీరియర్' తెప్పించా. 1926లో వేసింది, చెరువు ఒడ్డున వెలుగులో ఒంటరిగా నిలబడ్డ ఎండు మోడు. కిందటిసారి అమ్మ వచ్చినప్పుడు కంప్యూటర్లో ఇదే బొమ్మ చూసి, "ఒరేయ్, హాల్లో మోడు పెట్టుకుంటార్రా ఎవరైనా? పచ్చటి చెట్టున్న బొమ్మే దొరకలేదా నీకు" అంది. నేను వెలుతురు గురించి ఏదో చెప్పబోయా. మా ఆవిడ అమ్మ వైపు. వాస్తు మీద నమ్మకం లేదంటుంది గానీ ఈ విషయంలో మాత్రం ఉంది. ప్రింట్ ట్యూబ్‌లోనే అల్మారా మీద ఉంది, అమ్మ మళ్ళీ జూన్‌లో వస్తోంది, సెప్టెంబర్‌లో వెళ్తుంది, పటం కట్టేవాళ్ళకి అక్టోబర్ అని చెప్పి పెట్టా.